కరవుసీమలో తగవరులు

పూర్వకవుల భాషలో తగవనగా న్యాయము. తగినది ఏదో అదియే తగవు. దానిని నిర్ణయించి చెప్పువాడు తగవరి. నేడు అదే పదమును మనము కలహమను నర్థమున వాడుచున్నాము. 'వారిద్దరికిని తగవు వచ్చినది' అన్నచో వారికి న్యాయము లభించినదని ఎవరును అనుకొనరు. వ్యవహారమను పదము సంగతియు ఇంచుమించు ఇట్టిదే. ధర్మశాస్త్రకారులకు వ్యవహారమనగా న్యాయవిచారణ. సంతలో సరుకు అమ్మి కొనువారికి వ్యవహారమనగా ఇచ్చిపుచ్చుకొనుట. బేరమును, బేరము చెడినప్పుడు పుట్టు వివాదమును, ఆ వివాదమును తీర్చు పద్ధతిని మన పూర్వులు ఈ రెండు మాటలతోనే సరిపెట్టుకొనిరన్నచో, అవి యన్నియు ఒకే రచ్చకట్టమీద, ఒకే మనుష్యుల యెదుట జరుగుచుండెడివని యూహించుట తప్పు కాదు. అనంతపురపు పీఠభూమిలో ఆ కట్ట ఎట్లు నిలిచెనో, ఎట్లు బీటలు వారెనో చెప్పవలెనని ఈ ప్రయత్నము.

ఈ సీమ స్వభావము తెలియనిదే ఇక్కడి వర్తకుల వివాదముల స్వభావము బోధపడదు. పడమటి కనుమల చాటున నుండుటచేత నైరృతి ఋతుపవనము ఇచ్చటికి వచ్చునప్పటికే తన తడిని కోల్పోయి యుండును. తూర్పు సముద్రమునకు దూరమగుటచేత ఈశాన్య ఋతుపవనము చేరునప్పటికి బలము తగ్గి యుండును. ఏడాదికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొంచెమును సకాలమున కురియునన్న నమ్మకము లేదు. విత్తినప్పుడు ఆశపెట్టి, ఊడ దిగునప్పుడు ముఖము చాటువేసి, కాయ పీకి కళ్ళమున పోసినప్పుడు వచ్చి తడిపిపోవు వాన ఈ ప్రాంతపు వారికి క్రొత్త కాదు. పెన్న, చిత్రావతి, హగరి అని మూడేరుల పేళ్ళు చెప్పుకొందుమే కాని, వానిలో ఏడాదిలో పెక్కు దినములు కనబడునది ఇసుకయే.

ఇట్టి నేలమీద వ్యాపారమంతయు అప్పుపై నడువవలసినదే. పూర్వము జొన్న, కొఱ్ఱ, ప్రత్తి పండించిన కాలమునను అంతే; ఇరువదవ శతాబ్దమున వేరుశెనగ ఈ మెట్టభూములను క్రమక్రమముగా ఆక్రమించిన తరువాత మఱింతగా అంతే. ఇక్కడివారు బుడ్డలని, శెనక్కాయలని పిలుచుకొను ఆ పంటకు విత్తనమే పెద్ద ఖర్చు. విత్తనపు కాయలకు మండీ షావుకారు అప్పిచ్చును. పంట తన మండీకే తోలవలెనని మాట తీసికొనును. ఆ షావుకారు నూనెమిల్లువారికి ఇంత సరుకు ఇత్తునని ముందే బయానా పుచ్చుకొని యుండును. మిల్లువాడు దూరపు పట్టణపు వర్తకునికి నూనె బేరము కుదుర్చుకొని యుండును. ఆషాఢ శ్రావణములలో నాలుగు వారములు వాన వెనుదీసినచో ఈ గొలుసు అంతయు ఒక్కసారిగా తెగును. రైతు షావుకారునకు, షావుకారు మిల్లునకు, మిల్లు ఆవలి వర్తకునకు మాట తప్పిన వారగుదురు. కాని వీరిలో మోసగాడెవడు?

నాకు తోచినంతలో ఈ సీమ పంచాయితీ చరిత్రకు కీలకము ఈ ప్రశ్నయందే యున్నది. న్యాయస్థానము అడుగునది, ఒప్పందమును ఎవరు ఉల్లంఘించిరి యని. ఆ ప్రశ్నకు కరవుసీమలో దొరకు సమాధానము ఎప్పుడును పేదవాని పేరే. కట్టమీద కూర్చున్న పెద్దమనుషులు అడుగునది వేఱు: పోయినది మొత్తము ఎంత, దానిలో ఎవరు ఎంత మోయగలరు? ఆకాశము చేసిన నష్టమును మనుష్యుల నడుమ పంచుట వారి పని. నేరమును నిర్ణయించుట కంటె అది కష్టమైన పని. దానికి చట్టము తెలిసినంత మాత్రమున చాలదు, ఆ యేడు ఏ చేనిలో ఎన్ని బస్తాలు దిగినవో, ఏ యింట పెండ్లి జరిగినదో, ఏ షావుకారు ఖాతాలో ఎన్ని మొండి పద్దులున్నవో తెలిసియుండవలెను.

వర్తకులు తమ వివాదములను తామే తీర్చుకొనుట మన దేశమున రాజుల కనుగప్పి చేసిన పని కాదు, శాస్త్రసమ్మతమైన హక్కు. యాజ్ఞవల్క్యస్మృతి న్యాయనిర్ణయము చేయు సభలను కులము, శ్రేణి, పూగము, రాజు నియమించిన అధికారులు అని నాలుగుగా చెప్పి, ఒకదానికంటె ఒకటి పెద్దదని క్రమమేర్పరచినది. దానికి మితాక్షరయను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు మనకు పరాయివాడు కాడు. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమందు, అనగా ఈ పీఠభూమికి ఉత్తరపు దిక్కున నున్న దక్కను గడ్డమీదనే ఆ గ్రంథము వెలసినది. పదమూడవ శతాబ్దమున కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయము' పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. భారతరచన ఇంకను ముగిసియు ముగియని దినములలో ఒక తెలుగుకవి ధర్మాసనపు నియమములను పద్యములుగా కూర్చుటకు పూనుకొనెనన్నచో, అవి ఎవరికో కావలసియుండెననియే గదా అర్థము.

శ్రేణి యనగా నేమో వివరించుచు విజ్ఞానేశ్వరుడు చూపిన యుదాహరణములు నన్ను ఎప్పుడును ఆకర్షించును: గుఱ్ఱముల వర్తకులు, తమలపాకుల వారు, నేతగాండ్రు, తోలుపని వారు. వేర్వేఱు జాతుల వారైనను ఒకే వృత్తితో బ్రతుకువారి సంఘము శ్రేణి. ఆ వృత్తి మర్మము ఆ వృత్తివారికే తెలియును గనుక వారి వివాదము వారి నడుమనే తీరుట మేలను భావము దానియందున్నది. ఈ వాక్యము చదివినప్పుడెల్ల నాకు ధర్మవరము మగ్గములు జ్ఞాపకము వచ్చును. అచ్చట మాస్టరు నేతగాడు పట్టును, జరీని తూచి మగ్గమువానికి ఇచ్చును. చీర నేసి తెచ్చినప్పుడు మరల తూచి కూలి ఇచ్చును. ముడిపట్టును ఉడికించినప్పుడు దాని బంక కరగిపోయి బరువులో ఇంచుమించు నాలుగవ వంతు తగ్గును. ఆ తగ్గుదల పట్టు జాతిని బట్టియు, ఉడికించిన తీరును బట్టియు మారుచుండును. తూనికలో కొంత కొదువ వచ్చినది. అది బంక పోవుటచేత వచ్చినదా, పోగు పోవుటచేత వచ్చినదా? ఈ ప్రశ్నను ఏ న్యాయాధిపతి యెదుట పెట్టినను ఆయన సాక్షుల మాటలు వినవలసినదే. ముప్పది యేండ్లు మగ్గముగుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న పెద్ద ఒకడు ఆ చీర కొంగును వ్రేళ్ళ నడుమ నలిపి చూచి చెప్పగలడు. తొమ్మిది వందల యేండ్ల నాటి వ్యాఖ్యాత నేతగాండ్ర శ్రేణిని పేర్కొనుటకు కారణము ఇట్టి కొంగే అయి యుండును.

మధ్యయుగములలో దక్షిణాపథమందంతటను ప్రసిద్ధి కెక్కిన అయ్యావళి ఐనూరువురు మొదలైన వర్తకసమయములును, తెలుగు శాసనములలో నకరమనియు పెక్కండ్రనియు వినవచ్చు సంఘములును తమ సభ్యులకు కట్టుబాట్లు ఏర్పరచుకొని, దేవాలయములకు సరుకుపై ఇంతయని మగమ వ్రాసియిచ్చి, తమలో తాము ధర్మము నడపుకొనినవి. నొళంబుల రాజధానియైన హేమావతియు, విజయనగర రాజుల రెండవ ముఖ్యపట్టణమైన పెనుకొండయు ఈ సీమలోనివే. కన్నడదేశమునకును తెలుగుదేశమునకును నడుమ నడచు బిడారులకు ఇది దారి. దారిలో పోవు వర్తకునకు ఏ రాజు న్యాయస్థానమును సొంతము కాదు. వానికి సొంతమైనది వాని సమయము, అనగా వర్తకసంఘము, దానిలో వానికున్న పేరు. ఆ పేరు పోయిన వానికి తరువాతి సంతలో ఎవరును మూట విప్పరు.

ఆ సంఘములు మాసిపోయిన తరువాతను పద్ధతి మాత్రము నిలిచినది. దాని తీరు రాయలసీమ పల్లెలలో పెద్దలు చెప్పుకొనునది ఇట్లుండును. ఇరుపక్షముల వారు చెరి ఇద్దరు పెద్దమనుషులను చెప్పుకొందురు. ఐదవ వానిని ఉభయులును కలిసి కోరుకొందురు. వారు చెప్పినదానికి కట్టుబడి యుందుమని ముందుగా ముచ్చలిక వ్రాసి ఇత్తురు. కొన్ని చోట్ల మాట తప్పకుండుటకై చెరి కొంత సొమ్ము ధరావతుగా పెద్దల చేతిలో పెట్టుదురు. అటుపై చిట్టా, ఖాతా రెండును కట్టమీదికి రావలెను. చిట్టాలో దినదినము పడిన పద్దు ఖాతాలో సరిగా ఎక్కినదా లేదా యని చూచుటలోనే సగము విచారణ ముగియును. నిజమైన పద్దుకు సిరా రంగును, వ్రాత ఒరవడియు సాక్ష్యము పలుకును. తరువాత కాటా సంగతి, తరుగు సంగతి. బస్తాకు ఇంత తరుగని మండీలో తీసివేయు అలవాటు కలదు. తడికి, మట్టికి, పొల్లునకు తీసినది న్యాయము, వాడుకకు మించి తీసినది దోపిడి. ఆ గీత ఎక్కడ గీయవలెనో పెద్దలకు తెలియును. పత్రమేమియు లేక నోటిమాటపై జరిగిన చేబదులైనచో ప్రమాణము. దేవుని యెదుట కర్పూరము ఆర్పి అనిన మాటను అబద్ధమనుటకు ఎదుటి పక్షము సాహసించెడిది కాదు. చిత్తూరు సీమలోని కాణిపాకము వినాయకుని సన్నిధికి నేటికిని సత్యప్రమాణములకు జనులు పోవుచునే యున్నారు.

ఇచ్చట పశువుల సంతను గుఱించి ఒక మాట చెప్పకుండ ముందునకు పోజాలను. ఎద్దుల బేరమున దళారి తువాలు క్రింద ఒకని చేయి పట్టుకొని, వ్రేళ్ళ లెక్కతో ధర చెప్పి, మరల ఎదుటివాని చేయి పట్టును. చుట్టును నూర్గురు నిలిచియున్నను ధర ఎంతయో ముగ్గురికే తెలియును. ఎద్దును ఇంటికి తోలుకొనిపోయిన తరువాత అది నాగలి క్రింద పండుకొనినచో, ఆ బేరమునకు సాక్షి దళారి ఒక్కడే. వ్రాత లేదు, రసీదు లేదు, విన్నవారు లేరు. ఇట్టి వ్యాపారమును నడిపించినది దళారి మాటమీది నమ్మకము. వాడు ఒక్కసారి అబద్ధమాడినచో వాని వృత్తి అంతటితో సరి. సాక్షి బ్రతుకుతెరువే అతని సత్యమునకు హామీగా నుండు ఏర్పాటు ఇంతకంటె చక్కనిది నాకు కనబడలేదు.

1800వ సంవత్సరమున నిజాము ఈ సీమలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు అనంతపురము కేంద్రముగా పనిచేసెను. గుడారములలో కాపురముండి, ఏడాదిలో పెక్కు నెలలు ఊరూర తిరిగి, గుడారము చుట్టు మూగిన రైతుల మొఱలు వారి భాషలోనే వినిన ఆయనకు ఒక సంగతి స్పష్టమైనది. అప్పటికే 1802లో చెన్నపట్నపు ప్రభుత్వము బంగాళమున కారన్‌వాలీసు నెలకొల్పిన పద్ధతిని అనుసరించి జిల్లా అదాలతులను స్థాపింప మొదలిడెను. భాష తెలియని ఇంగ్లీషు జడ్జి, వ్రాతమూలకమైన వాదములు, దూరపు ప్రయాణములు, ఏండ్లు పట్టు విచారణలు. వీనిచేత పల్లెవాని తగవు తీరదని మన్రో నమ్మెను. ప్రజలకు అలవాటైన పంచాయితీని ప్రభుత్వము గుర్తింపవలెనన్నది ఆయన వాదము. ఆయనయందు నాకు గౌరవము కలుగుటకు వేఱొక కారణమును కలదు. భూములన్నియు కొలిపించి శిస్తు నిర్ణయించిన తరువాత, ఈ నేల ఆ భారమును మోయలేదని గ్రహించి, 1807లో కలెక్టరు ఉద్యోగము విడిచి పోవునప్పుడు శిస్తులో నాలుగవ వంతు తగ్గింపవలెనని తానే సిఫారసు చేసెను. అది వెంటనే అమలునకు రాలేదు. 1820లో ఆయనయే గవర్నరుగా మరలివచ్చిన తరువాత గాని ఆ తగ్గింపు కలుగలేదు. నష్టమును పంచుకొనుట తగవరి లక్షణమైనచో, ఆ సిఫారసు తగవరి చేసినదే.

1814లో ఇంగ్లండునుండి న్యాయసంస్కరణ సంఘమునకు అధ్యక్షుడై వచ్చిన మన్రో, స్ట్రాటన్ అను సహచరునితో కలిసి రెండేండ్లు శ్రమించి 1816లో కొన్ని రెగ్యులేషనులను వెలువరింపజేసెను. నాల్గవ రెగ్యులేషను గ్రామపు పెద్దను మునసబుగా జేసి, 10 రూపాయల వరకు దావాలను విచారించు అధికారమును, ఉభయులును సమ్మతించినచో 100 రూపాయల వరకు మధ్యవర్తిగా తీర్పుచెప్పు అధికారమును ఇచ్చినది. ఐదవది గ్రామపంచాయితీలకు సంబంధించినది; ఇరుపక్షములు ఒప్పుకొన్నచో ఎంత సొమ్ము వివాదమునైనను అవి తీర్పవచ్చును. మన పల్లెలలో గ్రామాధికారికి మునసబు అను న్యాయాధిపతి పేరు ఎట్లు వచ్చినదో ఆలోచించిన వారు తక్కువ. ఆ పేరు 1816 నాటి ఆ కాగితమునుండి వచ్చినది. 1984లో ఆ పదవులు రద్దగువరకు, దావాలు విచారించు పని ఏనాడో మఱచిపోయిన మునసబులు శిస్తు వసూలు చేయుచు ఆ పేరును మోయుచునే యుండిరి.

రెగ్యులేషను పంచాయితీలు మాత్రము మన్రో ఆశించినట్లు ఫలింపలేదు. జనులు వానిని అంతగా ఆశ్రయింపలేదు. పంచాయితీయే నచ్చక ఆశ్రయింపలేదని కొందరందురు; నాకు అట్లు తోచదు. పల్లెలో కట్టమీది పంచాయితీ అప్పుడును నడచుచునే యుండెను. నడువనిది సర్కారు కాగితముమీది పంచాయితీ. పూర్వము తగవునకు రానని మొండికేసిన వానిని రప్పించినది ఊరి యొత్తిడి. వర్తకుడైనచో సంత యొత్తిడి. ఇప్పుడు వానికి జిల్లాకోర్టు అను మఱియొక ద్వారము తెరచియుండెను. న్యాయము తనవైపు లేదని తెలిసినవాడు, జాగు వలన లాభించువాడు, ఆ ద్వారము చొచ్చుటకు ఏమి యాటంకము? సమ్మతి లేనిదే పంచాయితీ లేదు. సమ్మతింపకుండుటకు వీలున్న చోట అపరాధి సమ్మతింపడు. మన్రో పంచాయితీని చట్టములోనికి తెచ్చెను గాని, దాని వెనుకనున్న సంతను తేజాలకపోయెను. ఆయన 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాతో మరణించి మొదట గుత్తిలో సమాధి చేయబడెను. ఈ సీమలో మన్రోలప్ప యని బిడ్డలకు పేరుపెట్టుకొనిన వారు చాలకాలమువరకు ఉండిరి.

ఆ తరువాతి ఏబది యేండ్లలో కట్టను అసలు దెబ్బతీసినవి రెండు చట్టములు. రెండును పంచాయితీ పేరైనను ఎత్తనివి. వడ్డీకి పరిమితి విధించు శాసనములు 1855లో రద్దయ్యెను. సొమ్ము అప్పు వడ్డీ ఒక్కసారిగా అసలును మించి రాబట్టరాదని మన ధర్మశాస్త్రము. పెద్దమనుషులు లెక్క చూచునప్పుడు 'అసలుకు అసలు వచ్చినది, ఇక చాలు' అనుటకు ఆధారము ఆ నియమమే. చెన్నపట్నపు మొఫసిలు న్యాయస్థానములు దానిని అంగీకరింపలేదు. అందుచేత షావుకారునకు కట్టమీద దొరకని వడ్డీ కోర్టులో దొరకసాగెను. రెండవది 1859 నాటి కాలపరిమితి చట్టము. అంతకుముందు 12 ఏండ్ల గడువున్న మామూలు అప్పునకు అది 3 ఏండ్ల గడువు పెట్టినది. రుణస్థుని రక్షింపవలెనని చేసిన చట్టమది. కాని రెండేళ్ళు వరుసగా వానలేని చోట మూడేళ్ళ గడువనగా నేమి? పంట వచ్చువరకు వేచియుండదలచిన మంచి షావుకారునకు గూడ ఇక వేచియుండు వీలు లేకపోయెను. మూడవ యేడు ముగియకమున్నే దావా వేయవలెను, లేదా వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనవలెను, లేదా ఎంతో కొంత పుచ్చుకొని నోటు వెనుక చెల్లు వేయించుకొనవలెను. చేతిలో పైస లేని రైతుచేత పది రూపాయలు కట్టినట్లు చెల్లు వ్రాయించి వ్రేలిముద్ర వేయించుకొను వింత ఆచారము ఇట్లే బలిసినది. పెద్దమనుషుల ఓర్పును చట్టమే నేరము చేసినదని నా కోపము.

1876 మొదలు 1878 వరకు నడచిన మహాక్షామమున అవిభక్త బళ్ళారి జిల్లా చెన్నరాష్ట్రమున మిక్కిలి నష్టపడిన సీమలలో నొకటి. దానినుండి 1882లో అనంతపురము వేఱు జిల్లాగా నేర్పడినది. క్షామపు పద్దులింకను చెల్లని దినములలో పుట్టిన జిల్లా యిది.

'అసలుకు అసలు వచ్చినది, ఇక చాలు' అన్న పాతమాట మరల చట్టములోనికి వచ్చుటకు ఆ క్షామము తరువాత అరువది యేండ్లు పట్టినది. 1930 దశకమున ధరలు కుప్పకూలి అప్పులు మోయరానివైనప్పుడు చెన్నరాష్ట్ర శాసనసభ 1936లో రుణపరిష్కార చట్టము చేసి, రుణదాతను రుణగ్రస్తుని ఒకచోట కూర్చుండబెట్టి రాజీ కుదుర్చు బోర్డులను ఏర్పరచుటకు వీలుకల్పించెను. 1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము తెచ్చిన వ్యవసాయదారుల రుణవిమోచన చట్టము మఱింత ముందుకు పోయినది: 1932 అక్టోబరునకు ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీకి నిలిచియున్న వడ్డీ యంతయు కొట్టివేయబడెను, అసలునకు రెండింతలు చెల్లించియున్నచో ఆ యప్పు తీరినట్లే. మనుధర్మశాస్త్రమందును, అనంతపురపు కట్టలమీదను ఉన్న ఆ 'రెండింతల' లెక్క ఇట్లు శాసనసభా గ్రంథములోనికి ఎక్కినది. ఆ నడుమనే, 1934లో, ఒక తెలుగువారి ఆస్తి తగవు లండనులోని ప్రీవీకౌన్సిలువరకు పోగా, అచ్చటి న్యాయమూర్తులు గ్రామపెద్దలు చెప్పిన తీర్పునే నిలిపి, వాస్తవములు తెలిసికొనుటకు వారికి గల సౌలభ్యమును మెచ్చుకొనిరి. ఊరిలో తీరినదానిని ఊరి పెద్దలే సరిగా తీర్చిరని వినుటకు సముద్రములు దాటవలసి వచ్చినది.

సహకార సంఘములు వచ్చినప్పుడు వానితో నొక మంచి నియమమును వచ్చినది. సంఘమునకును సభ్యునకును నడుమ వివాదము కోర్టునకు పోక రిజిస్ట్రారునొద్దకో, ఆయన నియమించిన మధ్యవర్తి యొద్దకో పోవలెను. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టము 61వ సెక్షను దీనిని నిలిపినది. నేతగాండ్ర సహకార సంఘములు నిజముగా నేతగాండ్రవిగా నడచిన చోట్ల, విజ్ఞానేశ్వరుని శ్రేణి మరల పుట్టినట్లే. తీర్పుచెప్పు మధ్యవర్తిత్వపు (ఆర్బిట్రేషను) సాధారణ శాసనములు మాత్రము పల్లెకు ఎక్కువగా అక్కరకు రాలేదు. 1940 నాటి చట్టము ప్రకారము ఒప్పందము వ్రాతలో నుండవలెను, తీర్పు కోర్టులో దాఖలై కోర్టు ఆజ్ఞగా మారవలెను. కోర్టు తప్పించుకొనుటకు పోయినవాడు మరల కోర్టు గుమ్మమెక్కవలెను. 1996 చట్టము తీర్పునకు నేరుగా డిక్రీ బలమిచ్చినది. కాని ఆ చట్టమును వాడుకొనునది పెద్ద కంపెనీలే, తరుగు కొఱకు వాదించు రైతు కాదు.

ఇక చెప్పుటకు మనసొప్పని భాగము. రాయలసీమలో కక్షలు ముదిరిన దశకములలో కట్టమీది స్థానమును పలుచోట్ల ఊరి పెద్దమనిషికి బదులు మందీమార్బలము గల నాయకుడు ఆక్రమించెను. వ్యాపారపు బాకీలు, పొలాల హద్దులు, కాంట్రాక్టుల పంపకములు ఆయన వాకిటికి పోసాగినవి. ఆ పనికి తెలుగులో మాట దొరకక కాబోలు జనులు 'సెటిల్మెంటు' అనిరి. ఇంగ్లీషున రాజీ యను మంచి యర్థము గల ఆ మాట మన ప్రాంతమున బెదిరింపునకు పేరైనది. తగవరికిని ఈ సెటిల్మెంటుదారునకును బయటికి పోలిక యెక్కువ. ఇద్దరును కోర్టు లేకుండ తీర్తురు, ఇద్దరును త్వరగా తీర్తురు, ఇద్దరి మాటయు చెల్లును. కాని తగవరి పగటివేళ నలుగురిలో చెప్పెను, ఇతడు తలుపు వేసికొని చెప్పును. తగవరిని ఉభయులు కోరుకొనిరి, ఇతనిని ఒకడు తెచ్చుకొనును. తగవరి తీర్పువలన ఒక్క తమలపాకైనను అదనముగా పొందలేదు, ఇతడు తీర్చిన సొమ్ములో వాటా పుచ్చుకొనును. పోయిన నష్టమును పంచుటకు ఏర్పడిన ఆసనమునుండి వచ్చిన లాభమును పంచుకొనుట మొదలిడిన దినమున ఆ కట్ట కట్ట కాకపోయినది. తగవన్న మాట కలహమైనదెప్పుడో నేను చెప్పజాలను గాని, సెటిల్మెంటను మాట చెడినది మాత్రము మన కనులయెదుటనే.

నేడు లోక్ అదాలతులున్నవి. 1987లో చేసిన న్యాయసేవల చట్టము 1995 నవంబరులో అమలునకు వచ్చినది. దాని క్రింద కుదిరిన రాజీకి డిక్రీ బలముండును, దానిపై అప్పీలు లేదు, దావాకు కట్టిన కోర్టుఫీజు తిరిగి వచ్చును. పెద్ద వాణిజ్య వివాదములకు దావా వేయుటకు ముందే రాజీ కుదుర్చు మధ్యవర్తిత్వమునకు (మీడియేషను) పోవలెనన్న నియమము 2018లో వచ్చినది. 2023లో ఆ మీడియేషనుకే ప్రత్యేకముగా నొక చట్టము వెలువడినది. 2022లో జిల్లా రెండైన తరువాత అనంతపురమునను, ధర్మవరము హిందూపురములు గల శ్రీ సత్యసాయి జిల్లాలోను ఈ అదాలతులు జరుగుచునే యున్నవి. చెక్కు బౌన్సులు, బ్యాంకు బాకీలు, ప్రామిసరీ నోట్లు ఒక్కనాడే పెక్కు తీరును. ఇవి మేలే. ఐనను అదాలతు బల్లవద్ద కూర్చున్న వారికి ఆ రైతు చేను తెలియదు, ఆ మగ్గము తెలియదు. వారి యెదుటనున్నది అంకె, దానిని ఎంతకు తగ్గింతురన్న బేరము.

హిందూపురము చింతపండు, బెల్లపు మండీలలో, ధర్మవరము పట్టు దుకాణములలో ఇప్పటికిని కొన్ని బాకీలు పాతరీతినే తీరుచున్నవి. వాన పడిన యేడు కాయ పీకిన తరువాత, ఇద్దరికిని కావలసిన పెద్దమనిషి దుకాణములో చాపమీద కూర్చుండును. ఖాతా తెరతురు. వడ్డీలో ఇంత వదులుకొమ్మని ఒకనితో, అసలులో ఇంత ఇప్పుడే పెట్టుమని మఱియొకనితో ఆయన చెప్పును. కాసేపు ఎవరును మాటాడరు. పిమ్మట షావుకారు పెట్టెలోనుండి నోటు తీసి, రెవిన్యూ స్టాంపుపై నున్న వ్రేలిముద్ర నడుమకు చీలునట్లు దానిని చించి, రెండు ముక్కలను రైతు చేతిలో పెట్టును.